కేబుళ్లు తర్వాత, ముందు సోఫాను గోడ నుంచి లాగండి

మీ హాల్లో స్పీకర్లు సరిగా పలకడం లేదంటూ మీరు రాసిన వివరాలన్నీ ఒకచోట పెట్టి మొదలుపెడతాను. హాలు వెడల్పు 11 అడుగులు, పొడవు 16, శ్లాబు ఎత్తు 9.5. కింద విట్రిఫైడ్ టైల్స్, చుట్టూ ఇటుక గోడలు, ఎడమవైపు బాల్కనీ గ్లాసు తలుపు. వెనక పోర్టు (గాలి రంధ్రం) ఉన్న ఫ్లోర్‌స్టాండర్లు, అంటే నేల మీద నిలబెట్టే స్పీకర్లు, 11 అడుగుల గోడ వైపు, గోడకి 6 అంగుళాల్లో ఉన్నాయి. ఎడమది పక్క గోడకి ఒక అడుగులో ఉంది. కుడిది అటువైపు తలుపు అడ్డం రావడంతో మూడు అడుగుల్లో ఉంది. సోఫా ఎదుటి గోడకి ఆనించి ఉంది. మృదంగం తొప్పి (లోతుగా మోగే ఎడమ వైపు) మీద దెబ్బ పడితే గుమ్మని సాగుతోంది, గాయకుడి గొంతు ఎడమకి జరుగుతోంది, తాళాల చప్పుడు చెవిలో గుచ్చుకుంటోంది. షాపులో కేబుళ్లు మార్చమన్నారు.

కేబుళ్ల జోలికి ఇప్పుడు వెళ్లకండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి వైరు మూడు మీటర్లు వేస్తే, పోయి రావడానికి కలిపి దాని రెసిస్టెన్స్ 0.05 ఓమ్ కూడా ఉండదు. 4 ఓమ్ స్పీకరు ముందు అది 0.1 డీబీ (డెసిబెల్, శబ్దం బలానికి కొలమానం) తేడా. మీ హాలు 70 హెర్ట్జ్ (సెకనుకి 70 కంపనాలు) దగ్గర చేస్తున్న తేడా దానికి ఎన్నో రెట్లు. మీ మూడు ఫిర్యాదులూ స్పీకర్లు, సోఫా ఉన్న చోటు నుంచి, ఖాళీ టైల్స్ నుంచి వస్తున్నాయి. వాటిని సరిచేయడానికి ముందు కావలసింది కొలిచే టేపు, మాస్కింగ్ టేపు, ఒక ఆదివారం.

అంతకన్నా ముందు రెండు పరీక్షలు చేయండి, పది నిమిషాల పని. మొదటిది పోలారిటీ, అంటే ప్లస్, మైనస్ వైర్లు రెండు స్పీకర్లకీ ఒకేలా కలిపారా అన్నది. యాంప్లిఫయరు ఆపేసి, స్పీకరు వైర్లను యాంప్లిఫయరు వైపు ఊడదీయండి. గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్ తీసుకుని ప్లస్‌ను ఎర్ర వైరుకి, మైనస్‌ను నల్ల వైరుకి ఒక్క క్షణం తాకించి తీసేయండి. రెండు స్పీకర్లలోనూ వూఫరు (బాస్ పలికే పెద్ద డ్రైవరు) కోను బయటికే కదలాలి. ఒకటి బయటికీ ఒకటి లోపలికీ కదిలితే ఎక్కడో వైర్లు తారుమారయ్యాయి. అలా ఉంటే బాస్ పల్చబడుతుంది, గొంతు ఎక్కడుందో తెలియకుండా గదంతా పరుచుకుంటుంది. రెండోది గొంతు ఎడమకి ఎందుకు లాగుతోందో తేల్చే పరీక్ష. 1950ల నాటి ఘంటసాల పాట ఏదైనా తీసుకోండి. కొత్తగా స్టీరియోగా మార్చింది వద్దు, అసలు మోనో రికార్డింగే కావాలి. మోనో కాబట్టి గొంతు రెండు స్పీకర్ల నట్టనడుమ పిడికిలంత చోట నిలబడాలి. యాంప్లిఫయరు ఆపి ఎడమ, కుడి స్పీకరు వైర్లను అటుదిటు మార్చి మళ్లీ వినండి. గొంతు కుడికి వస్తే లోపం యాంప్లిఫయరులోనో దాని వెనకున్న పరికరాల్లోనో ఉంది. ఇంకా ఎడమకే లాగితే గదిది, లేదా స్పీకర్లది. అప్పుడు పెట్టెలనే అటుదిటు మార్చి చూస్తే ఆ రెంటిలో ఏదో తెలిసిపోతుంది. మీ కొలతలు చూస్తే గదిదే అనిపిస్తోంది. ఎడమ పెట్టె మూలకి నొక్కుకుని ఉంది కాబట్టి దాని శబ్దాన్ని పక్క గోడ వెంటనే తిప్పికొట్టి బలం పెంచుతోంది.

ఇక గది సంగతి. ధ్వని వేగం సెకనుకి సుమారు 1130 అడుగులు. అందులో సగం 565. ఈ 565ను గది కొలతతో భాగిస్తే ఆ రెండు గోడల మధ్య నిలబడిపోయే మొదటి అలల ఫ్రీక్వెన్సీ వస్తుంది. మీ హాల్లో పొడవుకి 35 హెర్ట్జ్, వెడల్పుకి 51, ఎత్తుకి 59. వాటి రెట్టింపులూ వస్తాయి కనుక పొడవులో రెండోది 70, వెడల్పులో రెండోది 103. ఆ 70ని చూడండి. ఒకటిన్నర శ్రుతిలో పాడే గాయకుడి షడ్జం 138.6 హెర్ట్జ్. ఆయన తంబురాలో మంద్ర షడ్జం తీగ అందులో సగం, అంటే 69.3. అంటే మీ హాలు సరిగ్గా ఆ తీగతోనే వంత పాడుతోంది. తొప్పి లోతు కూడా ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది. మీకు గుమ్మని సాగుతున్నట్టు వినిపించేది మృదంగం కాదు, దెబ్బ ఆగిపోయాక కూడా ఆగని గది.

అమెరికా సైట్లలో చదివిన సలహాలు మన ఇళ్లలో సగమే పనిచేయడానికి కారణం ఇక్కడుంది. అక్కడి చెక్క ఫ్రేము, జిప్సం బోర్డు గోడలు బాస్‌కి కాస్త ఊగి దాన్ని కొంత మింగేస్తాయి. ఇటుక గోడ, కాంక్రీటు శ్లాబు కదలవు. వచ్చిన బాస్‌ను వచ్చినట్టే తిప్పి పంపుతాయి. అందుకే మన హాళ్లలో స్పీకర్ల చోటు కన్నా ముందు కూర్చునే చోటు తేల్చాలి.

గోడ దగ్గర ప్రతి అలా గరిష్ఠ బలంతో ఉంటుంది. సోఫా గోడకి ఆనితే 35, 70, 106 అన్నీ ఒకేసారి చెవిలో పడతాయి. అలాగని గది నడిమధ్యకి, 8 అడుగుల దగ్గరికి వస్తే 35 పూర్తిగా మాయమవుతుంది, 70 మాత్రం నిండుగా ఉంటుంది. ఈ రెండు చివరల మధ్య మీకు పనికొచ్చే మేర 10 నుంచి 11 అడుగులు. స్పీకర్ల వెనక గోడ నుంచి మీ చెవి దాకా కొలిచే దూరం ఇది, సోఫా వెన్నుదాకా కాదు. చెవి 10 అడుగుల్లో ఉంటే, గోడ దగ్గరతో పోలిస్తే 35 హెర్ట్జ్ అల 8 డీబీ, 70 హెర్ట్జ్ అల 3 డీబీ తగ్గుతాయి. 11 అడుగుల్లో ఉంటే అవే 5, 8 అవుతాయి. ఒక్క అడుగు తేడాతో బలం ఒక అల నుంచి ఇంకోదానికి మారింది. ఏది ఎంచుకోవాలో స్పీకర్ల చోటును బట్టి తేలుతుంది, ఇప్పుడే చెబుతాను. వెడల్పులో మాత్రం ఎంపిక లేదు, తల సరిగ్గా 5.5 అడుగుల్లో, నట్టనడుమ ఉండాలి. అక్కడ 51 హెర్ట్జ్‌కి గది సాయం అందదు కాబట్టి ఆ స్వరం కొంచెం పల్చగా ఉంటుంది. రెండు వైపులా సమానంగా వినాలంటే ఆ మాత్రం ఒప్పుకోవాలి.

స్పీకర్లకూ ఇదే లెక్క, తిరగేసి. ఒక అల శూన్యంగా ఉండే చోట వూఫరు పెడితే ఆ అలను అది లేపలేదు. 70 హెర్ట్జ్ అల 16 అడుగుల్లో నాలుగో వంతు దగ్గర, అంటే 4 అడుగుల్లో శూన్యం. 103 హెర్ట్జ్ అల 11 అడుగుల్లో నాలుగో వంతు దగ్గర, అంటే 2 అడుగుల 9 అంగుళాల్లో శూన్యం. కాబట్టి వూఫరు ముఖం వెనక గోడకి 4 అడుగుల్లో, వూఫరు మధ్య భాగం పక్క గోడకి 2 అడుగుల 9 అంగుళాల్లో ఉండేలా రెండు పెట్టెలనూ పెట్టి మొదలుపెట్టండి. రెండింటి మధ్య 5.5 అడుగులు వస్తుంది. మీ చెవి 10 అడుగుల్లో ఉంటే ఒక్కో స్పీకరుకి దూరం 6.6 అడుగులు. స్పీకర్ల మధ్య దూరం, వినే దూరంలో 0.83 వంతు. అది మంచి నిష్పత్తి. 0.75 కన్నా తగ్గితే వేదిక (ఎదురుగా పాట పరుచుకున్నట్టు వినిపించే మేర) ఇరుకవుతుంది, 1 దాటితే నడుమ ఖాళీ పడుతుంది.

నాలుగు అడుగులు ముందుకు లాగితే ఇంట్లో నడిచే దారి పోతుందంటారా? అప్పుడు 3 అడుగుల్లో పెట్టండి. 70 హెర్ట్జ్ అల కొంత లేస్తుంది కనుక సోఫాను 11 అడుగులకి జరిపి దాన్ని అక్కడ తగ్గించండి. స్పీకరు 4 అయితే చెవి 10, స్పీకరు 3 అయితే చెవి 11. ఈ జత గుర్తుంటే చాలు. స్పీకరు 4, చెవి 11 కలిపితే మాత్రం 70 రెండు చోట్లా తెగిపోయి తంబురా డొల్లగా వినిపిస్తుంది. సోఫా కాళ్ల కింద ఫెల్టు బిళ్లలు అంటించుకుంటే వినేటప్పుడు ముందుకి లాగి, లేచాక వెనక్కి నెట్టేయొచ్చు. టైల్స్ మీద అది ఒక్క చేత్తో అయ్యే పని.

పెట్టెలు కదుపుతున్నప్పుడు ఒక గుంట గురించి కూడా తెలిసుండాలి, అంటే ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దం పడిపోవడం గురించి. స్పీకరు నుంచి వెనక గోడకి వెళ్లి తిరిగొచ్చే శబ్దం, నేరుగా వచ్చేదాని కన్నా ఎన్ని అడుగులు ఎక్కువ నడిస్తే, 565ను ఆ అదనపు అడుగులతో భాగించండి. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర రెండూ ఎదురెదురై కొట్టేసుకుంటాయి. ఇప్పుడు మీ వూఫరు ముఖం గోడకి సుమారు 1.75 అడుగుల్లో ఉంది, అదనపు దూరం 3.5 అడుగులు. 565ను 3.5తో భాగిస్తే 161. అది మగ గొంతు గుండె భాగం. మీ స్పీకర్లలో గాత్రం పల్చగా, తొప్పి లావుగా ఉండటం ఒకే కారణపు రెండు ముఖాలు. 4 అడుగులకి జరిపితే, శబ్దం మీకు కాస్త వాలుగా వస్తుంది కనుక అదనపు దూరం 8 కన్నా కొంచెం తక్కువై, ఆ గుంట 74 దగ్గరికి దిగిపోతుంది, గొంతుకి అడ్డు తొలగుతుంది.

ఈ లెక్కలు మొదలుపెట్టే చోటును ఇస్తాయి, ముగించే చోటును చెవే చెప్పాలి. స్పీకర్లు తయారుచేసే విల్సన్ ఆడియో వాళ్లు ఇన్‌స్టాలేషన్లలో వాడే ఒక పద్ధతి దీనికి బాగా పనికొస్తుంది. ఒకరు వెనక గోడకి వీపు ఆనించి మామూలు గొంతుతో ఆగకుండా మాట్లాడుతూ మెల్లగా ముందుకి నడవాలి, ఇంకొకరు సోఫాలో కూర్చుని వినాలి. గోడ దగ్గర గొంతు ఉబ్బి, గుహలోంచి వచ్చినట్టుంటుంది. ఒకచోటికి రాగానే ఆ ఉబ్బు వదిలి మాట విడిగా, శుభ్రంగా వినిపిస్తుంది. ఇంకా ముందుకొస్తే మళ్లీ పల్చబడుతుంది. శుభ్రంగా ఉన్న మేరకి రెండు చివరలా టేపు వేయండి. పక్క గోడ నుంచి కూడా ఇలాగే చేయండి. సాధారణంగా ఆ మేర అరడుగుకి మించదు, లెక్కలో వచ్చిన చోటు అందులోనే పడితే పని సగమైనట్టే.

కదిపేటప్పుడు స్పైకులు (పెట్టె అడుగున ఉండే మొనదేలిన కాళ్లు) బిగించకండి. పెట్టె కింద పాత దుప్పటి ముక్క వేసి జరపండి. మొదట 3 అంగుళాల చొప్పున, తర్వాత ఒక అంగుళం, చివర్లో పావు అంగుళం. ప్రతిసారీ రెండు పెట్టెలూ సమానంగా కదలాలి. పావు అంగుళం ఎందుకంటే, రెండు ట్వీటర్ల (పై స్వరాలు పలికే చిన్న డ్రైవర్ల) దూరంలో ఒక సెంటీమీటరు తేడా ఉంటే శబ్దం 29 మైక్రోసెకన్ల తేడాతో చేరుతుంది. దిక్కు విషయంలో మన చెవి 10 మైక్రోసెకన్లనే పసిగడుతుంది. కాబట్టి సోఫా మీద తల ఉండే చోట ఒక కర్రకి దారం కట్టి, ఒక్కో ట్వీటరు దాకా అదే దారంతో కొలవండి. టేపు కన్నా దారం నమ్మకమైనది, ఎందుకంటే రెండు వైపులా అదే పొడవు.

చోటు కుదిరాక కోణం. మొదట రెండు స్పీకర్ల చూపులూ మీ తల వెనక ఒక అడుగు దూరంలో కలిసేలా తిప్పండి. పెట్టె పక్కకి లేజర్ పాయింటరు ఆనిస్తే చుక్క గోడ మీద ఎక్కడ పడుతుందో కొలుచుకోవచ్చు. ఇప్పుడు మళ్లీ మోనో పాట. లోపలికి ఎక్కువ తిప్పితే గొంతు చిన్నదై గట్టిపడుతుంది, పై స్వరాలు పదునెక్కుతాయి. బయటికి తిప్పితే వేదిక విశాలమవుతుంది, గొంతు అంచులు చెదురుతాయి. మీకు తాళాలు గుచ్చుకుంటున్నాయి కాబట్టి రెండు మూడు డిగ్రీలు బయటికి తిప్పి చూడాలనిపిస్తుంది. చూడండి గానీ, అక్కడే ఆగిపోకండి. ఆ గుచ్చుకోవడంలో పెద్ద వాటా టైల్స్‌ది, దాన్ని కోణంతో కప్పెట్టకూడదు.

ట్వీటరు చెవి ఎత్తుకి రావాలి. మన సోఫాల్లో చెవి నేలకి 36 నుంచి 38 అంగుళాల్లో ఉంటుంది. ట్వీటరు 41లో ఉంటే వెనక స్పైకులు కాస్త లేపి పెట్టెను ముందుకి వాల్చండి. ఎం8 స్పైకు ఒక చుట్టు తిప్పితే 1.25 మిల్లీమీటర్లు లేస్తుంది. ముందు, వెనక స్పైకుల మధ్య 30 సెంటీమీటర్లుంటే నాలుగు చుట్లకి సుమారు ఒక డిగ్రీ. 6.6 అడుగుల దూరంలో చూపు అంగుళంన్నర లోపు దిగుతుంది. రెండు పెట్టెలకీ చుట్లు లెక్కపెట్టి సమానంగా తిప్పండి, పక్కవాటం రసమట్టంతో చూడండి. స్పైకు కింద ఇత్తడి గిన్నె తప్పనిసరి, లేకపోతే టైలు మీద గీత పడుతుంది, పెట్టె జారుతుంది. నాలుగింటిలో ఒక స్పైకు గాల్లో ఉంటే పెట్టె ఊగుతుంది, బాస్ మెత్తబడుతుంది. ఎదురు మూలల మీద వేలితో నొక్కితే తెలుస్తుంది. సరిచేశాక లాక్ నట్టు బిగించండి.

ఇక టైల్స్. వాలెస్ సబైన్ 1895లో హార్వర్డ్‌లో ఒక లెక్చరు హాలు మోతను ఛేదించడానికి శాండర్స్ థియేటరు నుంచి కుర్చీల దిండ్లు మోయించుకొచ్చి, ఎన్ని వేస్తే ఎంత తగ్గుతుందో కొలిచాడు. ఆయన సూత్రమే మనకిప్పుడూ ఆధారం. మీ హాలు ఘనపరిమాణం 47 ఘనమీటర్లు. మోత 0.4 సెకన్లకి దిగాలంటే 0.161ని 47తో గుణించి 0.4తో భాగించండి, 19 చదరపు మీటర్ల పూర్తి శోషణ కావాలి. అంటే 19 చదరపు మీటర్ల మేర తెరిచిన కిటికీ ఉన్నంత. ఖాళీ హాల్లో అందులో చాలా తక్కువే ఉంటుంది. గుడ్డ సోఫా మంచి సాయం, రెక్సిన్ సోఫా అంత కాదు. స్పీకర్లకీ సోఫాకీ మధ్య 6×8 అడుగుల మందపాటి కార్పెట్, దాని కింద ఫెల్టు. గ్లాసు తలుపుకి బరువైన తెర, తలుపు వెడల్పుకి రెట్టింపు గుడ్డతో మడతలు పడేలా, గ్లాసుకి అరడుగు ఎడంగా.

తర్వాత పక్క గోడలు. మీరు సోఫాలో కూర్చోండి, ఇంకొకరు గోడ వెంట అద్దం జరపాలి. అద్దంలో ట్వీటరు కనిపించిన చోట మధ్యలో 4×2 అడుగుల పానెల్ పెట్టాలి. చెక్క ఫ్రేములో ఘనమీటరుకి 48 కిలోల రాక్‌వూల్, 50 మిల్లీమీటర్ల స్లాబులు రెండు కలిపి 4 అంగుళాలు, వెనక గోడకి మరో 2 అంగుళాల ఖాళీ. పైన చేనేత నూలు గుడ్డ. నోటితో ఊదితే గాలి అవతలికి వెళ్లాలి, రెక్సిన్ వేస్తే అంతా వృథా. కోసేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు వేసుకోండి. ఆన్‌లైన్‌లో దొరికే ఒక అంగుళం ఫోము, కోడిగుడ్ల అట్టలు కొనకండి. అవి పై స్వరాలనే తింటాయి, తొప్పి గుమ్మనడం అలాగే ఉండి దాని మీద గది నిస్తేజమవుతుంది. 35 హెర్ట్జ్ అలలో నాలుగో వంతే 8 అడుగులు. నాలుగు అంగుళాల మందం దాన్ని పట్టుకోలేదు, అందుకే చోటు మీద ఇంతసేపు మాట్లాడాను.

ఇంత చేశాక కొలవండి. గది శబ్దాన్ని కొలిచే రూమ్ ఈక్యూ విజర్డ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, యూమిక్-1 లాంటి, క్యాలిబ్రేషన్ ఫైలుతో (మైకు తేడాలను సరిదిద్దే ఫైలుతో) వచ్చే యూఎస్‌బీ మైకు ఒకటి చాలు. ఫోను మైకు కింది బాస్‌ను సరిగా పట్టదు. మైకు తల ఉండే చోట, చెవి ఎత్తులో స్టాండు మీద ఉండాలి. సోఫా వెన్ను పక్కనే పెట్టకండి. మైకు పైకి చూస్తుంటే 90 డిగ్రీల క్యాలిబ్రేషన్ ఫైలు వాడాలి. సీలింగ్ ఫ్యాను, ఏసీ ఆపేయండి. 75 డీబీ స్థాయిలో ఎడమ విడిగా, కుడి విడిగా, తర్వాత రెండూ కలిపి తీయండి. 300 హెర్ట్జ్ కింద గ్రాఫును నునుపు చేయకుండా చూడండి, నునుపు చేస్తే వెతుకుతున్న గుంటే కనపడకుండా పోతుంది. స్వీపు (కింది నుంచి పైకి పాకే పరీక్ష శబ్దం) కింది స్వరాల్లో నడుస్తున్నప్పుడు ఇల్లంతా తిరిగి వినండి. షోకేసు అద్దాలు, ఫాల్స్ సీలింగ్ లైట్ల మూతలు, పూజగది తలుపు గంటలు ఒక్కోటీ ఒక్కో ఫ్రీక్వెన్సీకి జిలజిలమంటాయి. తాళాల పదును అనుకున్నదాంట్లో కొంత ఆ గంటలదే అయ్యుండొచ్చు.

మిగిలిన శిఖరాలకి ఈక్వలైజరు (ఒక్కో ఫ్రీక్వెన్సీ బలాన్ని పెంచి తగ్గించే సాధనం) వాడొచ్చు, రెండు నియమాలతో. ఒకటి, 250 హెర్ట్జ్ లోపే. మీ హాల్లో గది పెత్తనం సుమారు అంతవరకే, ఆ పైన వినిపించేది ఎక్కువగా స్పీకరు స్వభావం. రెండు, శిఖరాలు నరకండి, గుంటలు పూడ్చకండి. 10 డీబీ పెంచడమంటే యాంప్లిఫయరును పది రెట్ల పవర్ అడగడం. ఎదురెదురై కొట్టేసుకుంటున్న గుంటలో ఎంత పోసినా అంతే వేగంగా పోతుంది. రెండు మూడు ఫిల్టర్లు చాలు. ఎనిమిది పెట్టాల్సి వస్తోందంటే స్పీకరో సోఫానో మళ్లీ జరపాలని అర్థం.

సబ్‌వూఫరు (కింది బాస్ కోసమే పెట్టే విడి స్పీకరు) గురించి అడిగారు. ఈ పని పూర్తయ్యేదాకా వద్దు. తర్వాత కొన్నా, దాన్ని మొదట సోఫాలో మీ చోట పెట్టి బాస్ ఉన్న పాట మోగిస్తూ గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ వినండి. ఎక్కడ సమంగా వినిపిస్తే అక్కడే దాని చోటు.

స్పీకర్లలో సన్నగా 'మ్' అని మోగుతోందన్న చివరి మాటకి: సెట్‌టాప్ బాక్సు కేబులు, నెట్‌వర్క్ వైరు ఒక్కొక్కటే పీకి చూడండి. ఏది పీకితే మోత ఆగుతుందో దానిదే ఎర్త్ లూపు, అంటే రెండు దారుల్లో ఎర్త్ కలవడంతో వచ్చే మోత. ఆ వైరుకి ఐసోలేటరు పెట్టుకోవచ్చు. ప్లగ్గులో ఎర్త్ పిన్ను మాత్రం ఎవరు చెప్పినా తీయకండి, షాక్ కొట్టకుండా కాపాడేది అదే.

అంతా కుదిరాక పెట్టె నాలుగు మూలల చుట్టూ టైలు మీద పేపరు మాస్కింగ్ టేపు వేయండి. బ్రౌన్ టేపు వద్దు, జిగురు పోదు. వెనక మూలలు రెండింటి నుంచి గోడకి దూరాలు, ట్వీటరు నుంచి తల దాకా దూరం రాసి ఫోనులో దాచుకోండి. ఇల్లు తుడిచేటప్పుడు పెట్టె అంగుళం జరిగిందని తర్వాత తెలిసేది ఆ అంకెలతోనే. 4, 10 జతతో మొదలుపెట్టి, ఎడమ, కుడి గ్రాఫులు రెండూ పంపండి, 70 దగ్గర ఏం మిగిలిందో చూద్దాం.